స్పోర్ట్స్ కారుకు మడ్ ఫ్లాప్‌లు మీరే బిగించుకోవడం ఎలా

కారు కడిగి తుడిచాక, ముందు చక్రం వెనకాల, తలుపు కిందుండే అంచు మీద అరచేయి ఆనించి మెల్లగా వెనక చక్రం దాకా జరపండి. కొత్త కారైతే చేయి జారిపోతుంది. అనంతపురం నుంచి తాడిపత్రికి వారానికి రెండుసార్లు తిరిగే కారైతే ఏడాది తిరిగేసరికి ఉప్పుకాగితం తడిమినట్టు ఉంటుంది. వెనక చక్రానికి ముందు బాడీ ఉబ్బెత్తుగా బయటికొచ్చే చోట గోరు దిగేంత గుంటలు కూడా తగులుతాయి. నాది ఎర్ర కారు. ఆ గుంటల్లో రంగు కింద ఉండే ప్రైమర్ పూత బయటపడి, అన్నం మెతుకులు అంటుకుని ఎండిపోయినట్టు కనిపించేవి.

నేను చాలాకాలం ఆ తప్పంతా ముందు పోయే బండల లారీల మీదే వేశాను. బానెట్ మీద, ముందు బంపర్ మీద పడే దెబ్బలు నిజంగానే వాటి పుణ్యం. కానీ తలుపు కింద, వెనక ఫెండర్ (చక్రం చుట్టూ ఉండే బాడీ రేకు) మీద పడేవి మాత్రం మన ముందు టైర్లు మనకే విసిరిన రాళ్ళు. వాటికి అడ్డంగా పెట్టేదే మడ్ ఫ్లాప్. కొందరు స్ప్లాష్ గార్డ్ అంటారు, మన ఆటోనగర్‌లో ఎలా అడిగినా ఇస్తారు.

మామూలు కార్ల కంటే స్పోర్ట్స్ కారుకు ఈ బాధ ఎందుకెక్కువో చెప్పాలి, ఎందుకంటే ఫ్లాప్ ఎక్కడ పెట్టాలో దాన్ని బట్టే తేలుతుంది. టైర్లు వెడల్పు, బాడీ అంచుతో సమానంగా బయటికి వచ్చి ఉంటాయి. వాటి రబ్బరు మెత్తన. మన ఎండలో వేడెక్కితే ఇంకా జిగురుగా తయారై, రోడ్డు పక్క కంకరను ఏరుకుని మరీ తిరుగుతుంది. ఇక కారు నడుము దగ్గర సన్నగా ఉండి, వెనక చక్రాల దగ్గర వెడల్పవుతుంది. అంటే ముందు టైరు నుంచి లేచిన రాయికి వెనక ఫెండర్ ఎదురుగా నిలబడ్డ గోడలాంటిది. చూడ్డానికి అందంగా ఉండే ఆ వంపే అన్నిటికంటే ఎక్కువ దెబ్బలు తింటుంది.

కంపెనీ పెయింట్ మొత్తం కలిపి సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల మందం. అంటే పావు మిల్లీమీటరు కూడా లేదు. అందులో మెరిసే పై పొర, క్లియర్ కోట్, 40, 50 మైక్రాన్లే. పదును తేలిన కంకర రాయికి అదొక లెక్క కాదు.

డబ్బు ఒక్క జతకే ఉంటే ముందు చక్రాలకే వేయండి. వెనక ఫ్లాప్‌లు మీ వెనక వచ్చేవాళ్ళ అద్దాన్ని, మీ వెనక బంపర్ కింది అంచును కాపాడతాయి. మంచిదే, కానీ మీ పెయింట్‌లో ఎక్కువ భాగాన్ని కాపాడేది ముందు జతే. ఒక మాట ముందే చెప్తున్నా: బానెట్‌కు, అద్దానికి ఫ్లాప్ ఏమీ చేయలేదు. దానికి మందు పైన అంటించే పారదర్శకమైన ఫిల్మ్, లారీకి దూరంగా నడపడం, అంతే.

నేను చేసిన తెలివితక్కువ పని

మొదటిసారి నేను ఒక షాపులో "అన్ని కార్లకూ సరిపోతాయి" అని చెప్పి అమ్మే రబ్బరు ఫ్లాప్‌లు వేయించాను. కుర్రాడు పావుగంటలో పని ముగించాడు. డ్రిల్లుతో వీల్ ఆర్చ్ (చక్రం పైనుండే బాడీ వంపు) ఇనుప అంచులోకి నేరుగా రంధ్రాలు చేసి, తమంతట తామే మర చేసుకుంటూ దిగే సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూలు దింపేశాడు. నేను పక్కనే నిలబడి టీ తాగుతున్నాను. అప్పుడు ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది.

వానలు వెళ్ళాక, ఆర్చ్ అంచు వెంట సన్నగా గోధుమ రంగు గీత కనిపించింది. ఫ్లాప్ విప్పితే లోపల ఎర్రమట్టి, అచ్చు పోసిన ఇటుకలా గట్టిపడి ఉంది. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే తప్ప ఊడలేదు. దాని కింద రబ్బరు అంచు ఆనిన చోట పెయింట్ మెరుపు పోయి, సుద్ద రాసినట్టు తెల్లబడి ఉంది. నడుస్తున్నప్పుడు ఫ్లాప్ సన్నగా అదురుతుంటే, మధ్యలో ఇరుక్కున్న మట్టి రేణువులు నెలల తరబడి పెయింట్‌ను అరగదీశాయి. స్క్రూ రంధ్రాల చుట్టూ తుప్పు. పెయింట్ కాపాడమని పెట్టిన వస్తువే దాన్ని తినేసింది.

కాబట్టి ఈ పనిలో ఫ్లాప్ బిగించడం సగమే. ఫ్లాప్‌కూ పెయింట్‌కూ మధ్య ఏముంది, నీళ్ళు, మట్టి ఎటు బయటికి పోతాయి అన్నది మిగతా సగం. కింద చెప్పేదంతా ఆ రెండింటి చుట్టూనే తిరుగుతుంది.

ఏ ఫ్లాప్ కొనాలి

మీ కారు మోడల్‌కు కంపెనీ ఫ్లాప్‌లు దొరికితే ఇంకేమీ ఆలోచించకుండా అవే కొనండి. వాటి రంధ్రాలు మీ కారులో ఇప్పటికే ఉన్న స్క్రూల చోటుకే వస్తాయి, ఇనుముకు డ్రిల్లు పెట్టే పని ఉండదు. కానీ చాలా స్పోర్ట్స్ కార్లకు కంపెనీవాళ్ళే ఫ్లాప్‌లు తయారుచేయరు, అందం చెడుతుందని కాబోలు. అప్పుడు రెండు దారులు: ఆ మోడల్‌కోసం బయటివాళ్ళు పోతపోసినవి తెప్పించుకోవడం, లేదా షీటు కొని మీరే కోసుకోవడం.

వస్తువు విషయానికొస్తే, పాలీయూరిథేన్ అన్నిటికంటే మేలు. వంచితే వంగుతుంది, వదిలితే తిరిగి నిలబడుతుంది. ఏబీఎస్ ప్లాస్టిక్‌తో చేసినవి కారుతోపాటు పుట్టినట్టు నీట్‌గా కనిపిస్తాయి గానీ, పార్కింగ్‌లో రాయి తగిలితే పటుక్కుమని విరుగుతాయి. లారీలకు వేసే రబ్బరు షీటు చౌక, కానీ వేగం పెరిగేకొద్దీ గాలికి వెనక్కి లేచిపోతుంది. 80 దాటితే అది ఉన్నా లేనట్టే. మీరే కోసుకునేట్టయితే 3 మిల్లీమీటర్ల హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ షీటు మంచి మధ్యేమార్గం. కత్తికి తెగుతుంది, హెయిర్ డ్రయ్యర్ వేడికి కొంచెం వంగుతుంది, గాలికి లేవదు.

పెద్దవి కొనకండి. పెద్దదైతే ఎక్కువ కాపాడుతుందనుకుంటాం, కానీ అంత తక్కువ ఎత్తున్న కారుకు పెద్ద ఫ్లాప్ నేలకు గీసుకుంటుంది, స్పీడ్ బ్రేకర్ దగ్గర మడత పడుతుంది, చివరికి ఊడుతుంది. మా వీధి చివర పంచర్ షాపతను నా మొదటి అట్టముక్క నమూనా చూసి, "ఏంనా, లారీకి కట్టినట్టు దీనికీ కట్టాల్నా? కింద అమ్మ దీవెన అని కూడా రాపిచ్చు" అన్నాడు. నవ్వాను గానీ, ఇంటికొచ్చి దాన్ని సగానికి కోశాను.

దారం పెట్టి కొలవడం

ఎంత పొడవు కావాలో కళ్ళతో అంచనా వేయకండి. ఒక దారం చాలు, లెక్క తేలిపోతుంది.

కారును చదునైన చోట నిలపండి. ముందు టైరు నేలను తాకే చోట దారం ఒక కొస పట్టుకోమని ఎవరికైనా చెప్పండి. ఇంట్లో పిల్లలకు ఇది సరదా పని. అట్టముక్కను ఫ్లాప్ ఆకారంలో కోసి టేపుతో వీల్ ఆర్చ్‌కు అంటించండి. ఇప్పుడు దారాన్ని ఆ అట్ట కింది అంచును తాకిస్తూ వెనక్కి లాగండి. దారం బాడీని ఎక్కడ తగులుతుందో అక్కడినుంచి పైనంతా ఫ్లాప్ నీడలో ఉన్నట్టు. దానికి కిందున్నదంతా దెబ్బలు తినే చోటు. అట్టను కొంచెం కిందికి జరపండి, దారం కొస బాడీ మీద ఎంత కిందికి దిగుతుందో చూడండి. రెండు సెంటీమీటర్ల తేడా దగ్గర పెద్దగా కనిపించదు, వెనక ఫెండర్ దగ్గరికి వచ్చేసరికి చాలా తేడా చూపిస్తుంది.

నేల నుంచి ఫ్లాప్ కింది అంచుకు బెత్తెడు ఎత్తు తగ్గనివ్వద్దు. నా కారుకు 90 మిల్లీమీటర్లు వదిలాను. అంతకంటే కిందికి దించితే దారం లెక్కలో బాగుంటుంది, రోడ్డు మీద నిలవదు.

వెడల్పు సంగతి: లోపలివైపు టైరు వెడల్పంతా కప్పక్కర్లేదు, బయటివైపు మాత్రం టైరు అంచును తప్పకుండా దాటాలి. ఇక ఆ ఉబ్బెత్తు వెనక ఫెండర్ ఉంది కదా, దానికోసం ముందు ఫ్లాప్ బాడీ కంటే ఒక 10, 15 మిల్లీమీటర్లు బయటికి రావాలి. కొంచెం వికారంగానే ఉంటుంది. పక్కనుంచి చూస్తే కనపడదు, వెనకనుంచి చూసేవాళ్ళకు కనపడుతుంది. నేను చాలా రోజులు దీనికి ఒప్పుకోలేదు, ఫ్లాప్‌ను బాడీతో సమానంగానే ఉంచాను. ఫెండర్ మీద కొత్త గుంటలు పడ్డాక ఒప్పుకున్నాను.

నమ్మకం కుదరకపోతే ఇంకో చిన్న పరీక్ష ఉంది. తలుపు కింద, వెనక ఫెండర్ మీద తెల్ల మాస్కింగ్ టేపు అంటించి, అట్టముక్కలేమీ లేకుండా రాప్తాడు వైపో బత్తలపల్లి వైపో తడి రోడ్డు మీద ఓ 20 కిలోమీటర్లు వెళ్ళి రండి. టేపు మీద ఎర్ర చుక్కలు ఎక్కడ ఒత్తుగా పడ్డాయో చూస్తే మీ కారు బురద పటం మీ చేతిలో ఉన్నట్టే. వర్షం లేని రోజైతే, అనంతపురంలో అదే ఎక్కువ కదా, టేపు మీద సన్న చిరుగులు వెతకండి.

పని మొదలుపెట్టే ముందు

తెల్లవారి 6 గంటలకు మొదలుపెట్టండి. పది దాటితే మన ఎండకు బాడీ చేయి పెట్టలేనంత కాలుతుంది, ఫిల్మ్ గానీ టేపు గానీ దాని మీద సరిగ్గా కూర్చోవు.

దగ్గర పెట్టుకోవాల్సినవి: టార్క్స్ బిట్లు (నక్షత్రం ఆకారంలో ఉండేవి, జర్మన్ కార్లకు ఎక్కువగా టీ20, టీ25 పడతాయి), 10 నంబరు స్పానర్, క్లిప్పులు లేపే ప్లాస్టిక్ పుల్ల, గట్టి బ్రష్షు, టార్చి, మైక్రోఫైబర్ గుడ్డలు. బిగించడానికి స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలు, నైలాన్ వాషర్లు, నైలాక్ నట్లు (లోపల నైలాన్ రింగు ఉండి, అదురుకు వదులుకాని నట్లు). పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్ ముక్కలు కూడా కావాలి. దీనికోసం కొత్త రోల్ కొనక్కర్లేదు. కారు డిటైలింగ్ షాపుల్లో కోతలో మిగిలిన ముక్కలు చెత్తబుట్టలో పడుంటాయి, అడిగితే ఇస్తారు. నేను మొహమాటం లేకుండా ఒక సంచి నిండా తెచ్చుకున్నాను.

ఫ్లాప్ వచ్చే చోటు చుట్టూ ముందు బాగా కడగండి. చక్రం పైన ఆర్చ్ లోపల ఉండే ప్లాస్టిక్ తొడుగును లైనర్ అంటారు, దాని అంచుల వెనక మట్టి దాక్కుంటుంది, బ్రష్షు పెట్టి మరీ తీయాలి. తారు చుక్కలు టార్ రిమూవర్‌తో పోతాయి. చివర్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒకసారి తుడవండి, సెల్‌ఫోన్ రిపేరు సామాన్లు అమ్మేచోట దొరుకుతుంది. చేతి శానిటైజర్ వాడకండి. అందులో గ్లిజరిన్ ఉంటుంది, దాని జిడ్డు మీద ఏదీ అంటుకోదు.

పాత గుంటలుంటే ఇప్పుడే పూడ్చండి. ఫ్లాప్ వచ్చాక కొన్ని దాని వెనక్కి పోతాయి, కళ్ళకు కనపడవు, తుప్పు మాత్రం దాని పని అది చేసుకుపోతుంది. రంగు కోడ్ డోర్ పిల్లర్ మీదో, డిక్కీలో స్టెప్నీ గుంటలోనో స్టిక్కర్ మీద ఉంటుంది. టచప్ బాటిల్‌తో వచ్చే బ్రష్షు పనికిరాదు, మరీ లావు. అగ్గిపుల్ల కొసను చెక్కి, చుక్క రంగు తీసుకుని గుంటలో దింపండి. ఒక్కసారే నింపకుండా, ఆరనిచ్చి రెండు మూడు సార్లు పెట్టండి.

చక్రం తిప్పడం, కారు ఎత్తడం

ముందు ఫ్లాప్‌లకు చాలావరకు చక్రం విప్పక్కర్లేదు. ఎడమవైపు పనిచేసేటప్పుడు స్టీరింగ్ పూర్తిగా ఎడమకు తిప్పండి, కుడివైపుకు కుడికి. అలా తిప్పితే టైరు వెనక అంచు లోపలికి పోయి, ఫ్లాప్ పెట్టే చోట చేయి పట్టేంత ఖాళీ వస్తుంది. హ్యాండ్ బ్రేక్ వేసి, గేర్‌లో ఉంచి, వెనక చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టండి.

వెనక ఫ్లాప్‌లకు చక్రం విప్పాల్సి రావచ్చు. ఇక్కడ రెండు జాగ్రత్తలు. మన ఇళ్ళ ముందు పరిచే తాడిపత్రి బండల నునుపు మీద జాకీ జారుతుంది, బండ కింద బోలుగా ఉంటే పగులుతుంది కూడా. జాకీ కింద మందపాటి చెక్క వేయండి, లేదా సిమెంటు నేల మీదికి మారండి. రెండోది, కారు మరీ కిందికి ఉంటే మామూలు జాకీ దూరదు. మొదట రెండు పలకల మీదికి కారు ఎక్కించి, అప్పుడు జాకీ దూర్చాలి. మాన్యువల్‌లో చూపించిన జాకీ పాయింటు దగ్గరే ఎత్తండి. పక్కన ఎక్కడ పెట్టినా తలుపు కింది అంచు నలుగుతుంది. ఎత్తాక కారు బరువు మోసే జాక్ స్టాండ్ పెట్టందే చేయి లోపల పెట్టొద్దు. తిరిగి బిగించేటప్పుడు మాన్యువల్‌లో ఉన్న టార్క్ అంకెకే (ఎంత బలంతో బిగించాలో చెప్పేది) వీల్ బోల్టులు బిగించండి, 50 కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ ఒకసారి చూడండి.

ఫిల్మ్ వేయడం

నేను మొదటిసారి వదిలేసిన మెట్టు ఇదే. చాలామంది వదిలేసేదీ ఇదే.

ఫ్లాప్‌ను చోటులో ఆనించి, అది పెయింట్‌ను తాకే అంచు వెంట పెన్సిల్‌తో కాదు, మాస్కింగ్ టేపుతో గుర్తు పెట్టండి. ఆ గీతకు అటూ ఇటూ కలిపి 40 మిల్లీమీటర్ల వెడల్పున ఫిల్మ్ పట్టీ కోయండి. మూలలు గుండ్రంగా కోయాలి, కోణంగా వదిలితే అక్కడినుంచే లేస్తుంది. స్ప్రే బాటిల్‌లో నీళ్ళు పోసి రెండు చుక్కలు బేబీ షాంపూ వేసి, పెయింట్ మీదా ఫిల్మ్ జిగురు మీదా చల్లండి. తడిగా ఉన్నంతసేపు ఫిల్మ్ అటూ ఇటూ జరుగుతుంది. సరిగ్గా కూర్చున్నాక, పాత ఏటీఎం కార్డుకు గుడ్డ చుట్టి, నడుమ నుంచి అంచులకు నీళ్ళు తోసేయండి. ఒక గంట ఆగి ఫ్లాప్ పెట్టండి. తొందరపడితే తడి ఫిల్మ్ ఫ్లాప్‌తోపాటు జరిగి మడత పడుతుంది.

ఈ ఫిల్మ్ 150 నుంచి 200 మైక్రాన్ల మందం, అంటే పెయింట్ కంటే ఎక్కువే. అరిగితే అది అరుగుతుంది. అరిగినప్పుడు పీకేసి కొత్తది వేసుకోవచ్చు, పెయింట్‌కు ఆ వీలు లేదు. మిగిలిన ఫిల్మ్ ఉంటే వెనక ఫెండర్ ముందు వంపు మీద కూడా ఒక ముక్క వేయండి. ఫ్లాప్ తప్పించుకుని వచ్చిన రాళ్ళకు అదొక రెండో అడ్డు.

బిగించడం

ముందు ఇప్పుడున్న స్క్రూలు, క్లిప్పులు ఎక్కడున్నాయో ఫోన్‌తో ఫోటో తీసుకోండి. లైనర్ వెనక అంచు దగ్గర సాధారణంగా రెండు మూడు ఉంటాయి. వాటిని విప్పి, ఫ్లాప్ రంధ్రాలు వాటికి ఎదురుగా వచ్చేట్టు పెట్టి, పాత దానికంటే కాస్త పొడవైన స్క్రూతో బిగిస్తే పని సగం అయిపోయినట్టే. ఫ్లాప్ మందం ఎంత కలిసిందో స్క్రూ పొడవు అంతే పెరగాలి, ఎక్కువైతే కొస లోపలికి పొడుచుకుపోయి వైరుకో గొట్టానికో తగులుతుంది.

ఎడమది, కుడిది కలగలిసిపోకుండా వెనకవైపు మార్కర్‌తో రాసుకోండి. నవ్వకండి, నేను ఒకసారి రెండు ఫ్లాప్‌లూ తారుమారు చేసి అరగంట తిట్టుకున్నాను.

మొదట అన్ని స్క్రూలూ రెండు చుట్లు తిప్పి వదిలేయండి. ఫ్లాప్‌ను చేత్తో కదిపి, బాడీ అంచుతో వరుస కలిపి, అప్పుడు ఒక్కొక్కటే బిగించండి. చేత్తోనే. ప్లాస్టిక్‌లోకి దిగే స్క్రూకు పవర్ డ్రైవర్ పెట్టారంటే మరలు అరిగి, అది జీవితంలో మళ్ళీ పట్టదు. మరలకు పూసే థ్రెడ్ లాకర్ ద్రవం కూడా ప్లాస్టిక్ దగ్గర వద్దు, ఏబీఎస్ లాంటివి దానికి సన్నగా పగుళ్ళిస్తాయి. నైలాక్ నట్టు చాలు. బాడీ అల్యూమినియందైతే స్టీల్ స్క్రూకూ దానికీ మధ్య నైలాన్ వాషరు తప్పనిసరి. రెండు లోహాలు తడిలో ఒకదాన్నొకటి ముట్టుకుంటే అల్యూమినియం తెల్లపొడిలా తినుకుపోతుంది.

మీ కారులో తగిన చోట స్క్రూ లేకపోతే? ప్లాస్టిక్ లైనర్‌కు మాత్రమే రంధ్రం చేయండి. లైనర్‌ను కొంచెం వెనక్కి లాగి దాని వెనక ఏముందో టార్చితో చూడండి. బ్రేక్ గొట్టం, ఏబీఎస్ (ప్లాస్టిక్ కాదు, బ్రేకుల ఏబీఎస్) సెన్సర్ వైరు ఆ చుట్టుపక్కలే తిరుగుతాయి. 5 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్‌కు కొస నుంచి ఒక సెంటీమీటరు పైన టేపు చుట్టండి, టేపు తగలగానే ఆపండి. ఇనుప అంచుకు డ్రిల్లు పెట్టమని ఎవరు చెప్పినా వద్దనండి. ఇప్పటికే ఎవరైనా పెట్టి ఉంటే, నా కారులాగా, రంధ్రం అంచులు నునుపు చేసి, ప్రైమర్, రంగు పెట్టి ఆరాకే వాడుకోండి.

టేపుతో అంటించే రకం ఫ్లాప్‌లూ ఉన్నాయి. మంచి డబుల్ సైడ్ టేపు పూర్తి బలం పుంజుకోవడానికి 72 గంటలు పడుతుంది, అందాకా కారు కడగొద్దు. నా అభిప్రాయం అడిగితే, టేపు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. మే నెలలో హైవే పక్క ఆగిన కారు బాడీ ఎంత కాలుతుందో మీకు తెలుసు. స్క్రూలు పట్టిన ఫ్లాప్ అంచు లేవకుండా ఉండటానికి మాత్రం టేపు బాగానే ఉంటుంది.

ఇక నీళ్ళ దారి. తలుపు కింది బాక్సుకు అడుగున చిన్న చిన్న రంధ్రాలుంటాయి, లోపల చేరిన నీళ్ళు పోవడానికి. ఫ్లాప్ గానీ ఫిల్మ్ గానీ వాటిని మూయకూడదు. ఫ్లాప్‌కూ లైనర్‌కూ మధ్య కింది భాగంలో వేలు దూరేంత సందు వదలండి. మన నల్లరేగడి ఒకసారి అక్కడ ఇరుక్కుంటే ఎండి బిగుసుకుపోతుంది. సందు ఉంటే పైపు పెట్టి నీళ్ళు కొడితే ఊడొస్తుంది.

తగులుతుందేమో చూడటం

టైరుకూ ఫ్లాప్‌కూ మధ్య రెండు వేళ్ళ ఎడం ఉండాలి, స్టీరింగ్ అటు చివరికీ ఇటు చివరికీ తిప్పి రెండు చోట్లా చూడండి. అయితే నిలబడి ఉన్న కారు నిజం చెప్పదు. ఫ్లాప్ లోపలివైపు చాక్‌పీసుతో బాగా రుద్ది, ఇద్దరిని ఎక్కించుకుని, ఒక స్పీడ్ బ్రేకర్ దాటి, ఖాళీ చోట పూర్తిగా మలుపు తిప్పి రండి. చాక్ చెరిగిపోయి నల్లగీత పడితే టైరు తగులుతోందన్నమాట. కత్తితో ఆ మేర కోసేసి మళ్ళీ చూడండి. మా బంధువుల ఊరు కడప, రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతుంటే నాకు ఆ గీత పడింది. సిటీలో ఎన్నిసార్లు తిప్పినా పడలేదు. మలుపులో బరువంతా ఒక చక్రం మీద పడి సస్పెన్షన్ నొక్కుకున్నప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. గువ్వలచెరువు కోవా కోసం ఎలాగూ ఆగుతాం కదా, ఆ పదినిమిషాల్లో కింద కూర్చుని అంచు కోసేశాను.

మొదటి 100 కిలోమీటర్ల తర్వాత ప్రతి స్క్రూనూ చేత్తో తిప్పి చూడండి, ఒకటైనా వదులవుతుంది. తర్వాత కారు కడిగినప్పుడల్లా ఫ్లాప్ వెనక్కి పైపు పెట్టడం మరచిపోవద్దు. వానాకాలం అయ్యాక, నవంబరులో, ఒక్కసారి పూర్తిగా విప్పి ఫిల్మ్ ఎలా ఉందో చూడండి. తెల్లగా గరుకెక్కితే మార్చేయండి.

ఫ్లాప్‌లు ఎక్కువగా ఊడేది వేగంగా పోతున్నప్పుడు కాదు, రివర్స్‌లో. వెనక్కి పోతూ టైరు గట్టు ఎక్కితే ఫ్లాప్ టైరుకూ గట్టుకూ మధ్య ఇరుక్కుంటుంది, తర్వాత కారు కదలగానే క్లిప్పులతో సహా పీక్కొస్తుంది. మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో టైరు ఆపడానికి కట్టిన సిమెంటు దిమ్మె నాకు ఇప్పటికి రెండు ఫ్లాప్‌లు తిన్నది. అందుకే ఇప్పుడు దిమ్మెకు జానెడు ముందే ఆపుతున్నాను, డ్యాష్‌బోర్డ్ అరలో నాలుగు క్లిప్పులు, రెండు స్క్రూలు, ఒక టీ25 బిట్ ఎప్పుడూ పడుంటాయి.